ముంజేతి మీద మూడువేళ్ళ మేర

క్యాన్సర్‌కు ఎక్కించే కీమో మందుల వల్ల కడుపులో తిప్పడం, ఓకరింతలు, వాంతులు వస్తాయి. వాటిని తగ్గించడానికి ముంజేతి మీద ఒకచోట సన్నని సూది గుచ్చే పద్ధతి ఒకటి ఉంది. ఆక్యుపంక్చర్ ఉపయోగాల్లో ఆధునిక వైద్యులు గట్టిగా పరీక్షించి చూసినవాటిలో ఇది ముందువరుసలో ఉంటుంది. అరచేతిని పైకి తిప్పి పట్టుకుంటే మణికట్టు దగ్గర ఒక అడ్డగీత కనిపిస్తుంది. ఆ గీతకు మూడువేళ్ళ ఎగువన, రెండు స్నాయువుల నడుమ ఆ చోటు ఉంటుంది. చైనా వైద్యులు దాన్ని నెయ్‌గ్వాన్ అంటారు. లోపలి ద్వారం అని ఆ మాటకు అర్థం. ప్రపంచమంతటా వాడే గుర్తు ప్రకారం దాని పేరు పీసీ 6.

నంద్యాల జిల్లా కోయిలకుంట్లలో గానీ, చుట్టూ ఉన్న నల్లరేగడి పల్లెల్లో గానీ ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే వైద్యం కోసం ఊరు దాటాల్సిందే. కర్నూలు పెద్దాసుపత్రికో, తిరుపతికో, హైదరాబాదుకో, బెంగుళూరుకో, వేలూరుకో పోవాలి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కీమో ఖర్చు భారం చాలా ఇళ్ళకు తగ్గింది. దారి మాత్రం తగ్గలేదు. తెల్లవారకముందే బయలుదేరడం, రక్తపరీక్ష చేయించుకోవడం, సెలైన్‌లో మందు ఎక్కించుకోవడం, సాయంత్రానికి మళ్ళీ బస్సెక్కడం చాలామందికి తప్పని క్రమం. వాంతుల బాధ చాలావరకు ఆసుపత్రి మంచం మీద రాదు. తిరుగు బస్సులోనో, ఆ రాత్రి ఇంట్లోనో, మూడోరోజు కూతురు కలిపి పెట్టిన రాగి సంగటి ముద్ద వాసన తగిలినప్పుడో వస్తుంది. డాక్టరు పక్కన లేని ఆ గంటల్లో ఏం చేయవచ్చన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ముందుగా వాంతి ఎలా పుడుతుందో తెలియాలి. చాలామంది అనుకునేట్టు మందు కడుపులో పడి కడుపును పాడుచేయడం వల్ల వచ్చేది కాదు ఇది. మందు రక్తనాళంలోకి పోతుంది. పేగు లోపలి గోడలో ఉండే కొన్ని కణాలు ఆ మందు దెబ్బకు సెరటోనిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. అది పక్కనే ఉన్న వేగస్ నాడి కొసలను రేపుతుంది. ఆ నాడి మెదడు అడుగుభాగానికి కబురు పంపుతుంది. అక్కడ వాంతిని నడిపించే కేంద్రం ఉంది. దాని దగ్గరే రక్తంలో తేడా వస్తే పసిగట్టే మరో చిన్న భాగం ఉంది. ఒంట్లో విషం చేరిందని మెదడు లెక్కగట్టి, దాన్ని బయటికి నెట్టమంటుంది. కుళ్ళిన తిండి తిన్నప్పుడు మనిషిని కాపాడే ఏర్పాటే ఇది. ప్రాణం నిలిపే మందునూ శరీరం అదే కళ్ళతో చూస్తుంది.

ఈ వాంతులు మూడు రకాలు. మందు ఎక్కించిన 24 గంటల్లోపు వచ్చేవి మొదటి రకం. ఇవి ఎక్కువగా సెరటోనిన్ పని. రెండోరోజు మొదలై ఐదు రోజుల దాకా ఉండేవి రెండో రకం. సబ్‌స్టెన్స్ పి అనే మరో రసాయనానికి వీటిలో పెద్ద పాత్ర ఉంది. మూడో రకం మందు ఎక్కించకముందే వచ్చేవి. మొదటి రెండు సైకిళ్ళలో, అంటే విడతల్లో, బాగా కక్కుకున్న మనిషికి మూడోసారి ఆసుపత్రి ఫినాయిల్ వాసన తగలగానే, ఒక్కోసారి ఆ ఊరి బస్టాండు కనపడగానే కడుపులో తిప్పుతుంది. దీన్ని భయమనో, నటన అనో ఇంట్లోవాళ్ళు కోప్పడడం అన్యాయం. మెదడు నేర్చుకున్న పాఠం అది. రోగి ఇష్టంతో వచ్చేది కాదు.

అందరికీ ఒకే తీరుగా రాదు. సిస్‌ప్లాటిన్ లాంటి మందుకు ముందుజాగ్రత్త తీసుకోకపోతే నూటికి 90 మందికి పైగా వాంతులు చేసుకుంటారు. కొన్ని మందులకు పదిమందిలో ఒకరికి కూడా రావు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు, పెద్దవయసువారి కంటే చిన్నవయసువారికి ఎక్కువ. వేవిళ్ళప్పుడు బాగా బాధపడినవాళ్ళకు, బస్సెక్కితే వాంతి చేసుకునే అలవాటున్నవాళ్ళకు ఇంకా ఎక్కువ. కోయిలకుంట్ల నుంచి పోయే మనిషికి ఈ చివరి సంగతి చాలా ముఖ్యం. బస్సు పడదన్న మాట చిన్నదిగా తీసేయకుండా మొదటి రోజే డాక్టరుకు చెబితే, వాంతి మందుల లెక్క ఆయన దానికి తగ్గట్టు మార్చగలరు.

మందుల మాట ముందు వచ్చేది ఇందుకే. 1990ల మొదట్లో ఆన్‌డాన్‌సెట్రాన్ వాడుకలోకి రావడంతో కీమో చికిత్స స్వరూపమే మారిపోయింది. అంతకుముందు వాంతులు భరించలేక చికిత్స మధ్యలో మానుకున్నవాళ్ళు ఎందరో. ఆ మందు పేగు దగ్గర సెరటోనిన్ కబురును అడ్డుకుంటుంది. 2003లో వచ్చిన అప్రెపిటెంట్ రెండో రకం వాంతులను ఆపుతుంది. డెక్సామెథసోన్ వీటికి బలం ఇస్తుంది. మానసిక జబ్బులకు వాడే ఓలాంజపిన్‌ను ఇస్తే వికారం బాగా అణుగుతుందని 2016లో 380 మంది మీద జరిగిన అమెరికా పరిశోధన చూపించింది. చీటీలో ఆ పేరు చూసి కంగారుపడి మానేయనక్కరలేదు. ఇన్ని మందులున్నా ఒక లోటు మిగిలింది. ఇవి వాంతిని ఆపినంత బాగా వికారాన్ని ఆపలేవు. వాంతి కాకపోయినా రోజంతా నోట్లో నీళ్ళూరుతూ, తిండి వాసన గిట్టక, మజ్జిగ కూడా దిగని స్థితి ఉంటుంది. సూది మీద వైద్యులకు ఆశ పుట్టింది ఈ మిగిలిన చోటు కోసమే.

ఆ ఆశకు శాస్త్ర రూపం ఇచ్చింది బెల్‌ఫాస్ట్‌లో మత్తుమందు వైద్య ఆచార్యుడిగా పనిచేసిన జాన్ డండీ. చిన్న ఆపరేషన్లు చేయించుకున్న స్త్రీలకు పీసీ 6 దగ్గర సూది పెడితే తర్వాత వచ్చే వాంతులు తగ్గాయని ఆయన బృందం 1986లో ప్రకటించింది. ఆ తర్వాత ఆయన కీమో వార్డుకు వెళ్ళారు. అంతకుముందు కీమోలో బాగా బాధపడిన నూరుమందికి పైగా రోగులకు అదే చోట సూది గుచ్చి, దానికి సన్నని విద్యుత్తు తగిలించారు. దాదాపు అందరికీ మేలు కలిగింది. కానీ ఆ మేలు 8 గంటలకు మించి నిలవలేదు. డండీ అక్కడ ఆగలేదు. గుండీ కుట్టిన సాగే పట్టీని మణికట్టుకు కట్టి, రెండు గంటలకోసారి నొక్కుకొమ్మన్నారు. అలా చేస్తే ఫలితం 24 గంటల దాకా సాగింది. ఇంటికి పోయే రోగి గురించి ఆలోచించిన వైద్యుడు చేసిన పని అది. కోయిలకుంట్ల లాంటి ఊళ్ళకు పనికొచ్చే అంశం కూడా అదే.

1997 నవంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణుల సభ పెట్టి, ఆపరేషన్ తర్వాతా కీమో తర్వాతా పెద్దవాళ్ళకు వచ్చే వాంతుల విషయంలో ఆక్యుపంక్చర్ ఆశాజనకంగా ఉందని ప్రకటించాయి. 2000లో అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చయిన పరిశోధన అందరి చూపునూ లాగింది. రొమ్ము క్యాన్సర్‌కు చాలా ఎక్కువ మోతాదులో కీమో తీసుకుంటున్న 104 మంది స్త్రీలను మూడు గుంపులు చేశారు. అందరికీ వాంతి మందులు ఇచ్చారు. ఒక గుంపుకు అదనంగా రోజూ విద్యుత్తుతో సూదులు పెట్టారు. మరో గుంపుకు వేరే చోట పైపైన సూదులు గుచ్చారు. ఐదు రోజుల్లో ఒక్కొక్కరికి అయిన వాంతుల మధ్యమ సంఖ్య మందులు మాత్రమే తీసుకున్నవారిలో 15, పైపై సూదులవారిలో 10, అసలు సూదులవారిలో 5.

ఈ అంకెలను చాలామంది ఇక్కడికే చెప్పి ఆపేస్తారు. ఇంకో రెండు సంగతులు కూడా చెప్పాలి. ఆ స్త్రీలకు ఇచ్చినవి పాతకాలపు వాంతి మందులు. ఆన్‌డాన్‌సెట్రాన్ వాటిలో లేదు. సూదులు ఆపేశాక గమనించిన తొమ్మిది రోజుల్లో గుంపుల మధ్య తేడా కనబడలేదు. 2003లో జర్మనీ పరిశోధకులు ఎక్కువ మోతాదు కీమో తీసుకునే 80 మందికి ఆన్‌డాన్‌సెట్రాన్‌తో పాటు సూది పెట్టి చూస్తే, ఉత్తుత్తి సూది పెట్టినవారికంటే అదనపు లాభం కనిపించలేదు. 2006లో వైద్య పరీక్షలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్షకులు 1247 మంది మీద జరిగిన 11 పరీక్షలను కలిపి చూశారు. విద్యుత్తు కలిపిన సూది మొదటిరోజు వాంతులను తగ్గిస్తోంది. వేలితోనో పట్టీతోనో నొక్కడం మొదటిరోజు వికారాన్ని తగ్గిస్తోంది. రెండో రకం బాధ మీద మాత్రం పట్టు దొరకలేదు. 2014లో బ్రిటన్‌లో 500 మంది మీద మణికట్టు పట్టీలను పరీక్షిస్తే, అసలు పట్టీకీ ఉత్తుత్తి పట్టీకీ మామూలు వైద్యానికీ మధ్య నమ్మదగినంత తేడా తేలలేదు.

రేడియేషన్ వల్ల, అంటే జనం కరెంటు పెట్టించుకోవడం అనే చికిత్స వల్ల వచ్చే వికారం మీద స్వీడన్‌లో జరిగిన పని మరింత ఆలోచింపజేస్తుంది. పొట్టకో, పొత్తికడుపుకో రేడియేషన్ తీసుకునే 215 మందిలో సగంమందికి నిజమైన సూది పెట్టారు. మిగతావారికి చర్మాన్ని తాకి లోపలికి ముడుచుకునే ఉత్తుత్తి సూది పెట్టారు. రెండు గుంపులకూ తేడా రాలేదు. అయితే ఏ సూదీ లేకుండా మామూలు వైద్యం పొందినవారి కంటే రెండు గుంపులవాళ్ళూ తక్కువ బాధపడ్డారు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని పలకరించే మనిషి వల్ల ఎంత, తగ్గుతుందన్న నమ్మకం వల్ల ఎంత, సూది వల్ల ఎంత అని విడదీయడం ఇందుకే కష్టం. వికారం మెదడులో పుట్టే అనుభవం కాబట్టి నమ్మకానికి అక్కడ నిజమైన బలం ఉంది. ఆ కారణంగా రోగికి కలిగిన ఉపశమనాన్ని అబద్ధమని కొట్టేయడం తప్పు. ఆ ఉపశమనాన్ని చూపించి సూదికి లేని శక్తులు అంటగట్టడం అంతకంటే పెద్ద తప్పు.

ఈ సాక్ష్యాలన్నీ తూచి, రొమ్ము క్యాన్సర్ రోగుల కోసం అమెరికాలోని సమగ్ర క్యాన్సర్ వైద్య సంఘం 2017లో మార్గదర్శకాలు వెలువరించింది. వాంతి మందులకు తోడుగా నొక్కుడు పద్ధతినీ, విద్యుత్తుతో కూడిన సూదినీ వాడుకోవచ్చని చెప్పింది. మరుసటి ఏడాది అక్కడి క్యాన్సర్ వైద్యుల ప్రధాన సంఘం దాన్ని ఆమోదించింది. తోడుగా అన్న మాట ఇందులో కీలకం. మందు మాని సూది పెట్టించుకొమ్మని వాళ్ళు ఎక్కడా అనలేదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో 1999 నుంచే ఇలాంటి తోడు చికిత్సలకు ఒక విభాగం ఉంది. కర్నూలు వైద్య కళాశాలలో చదువుకుని రేడియేషన్ వైద్యంలో ప్రపంచానికి తెలిసిన నోరి దత్తాత్రేయుడు అంతకుముందు కాలంలో పనిచేసిన ఆసుపత్రి అది. అలాంటి పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో ఆక్యుపంక్చర్ చేసేవారు డాక్టరుతో ఒకే కప్పు కింద పనిచేస్తారు, రక్తపరీక్ష కాగితం చూశాకే సూది తీస్తారు. ఇక్కడ ఆ ఏర్పాటు అరుదు.

భారతదేశానికి ఈ విద్య వచ్చిన దారి చైనా యుద్ధకాలం నుంచి మొదలవుతుంది. 1938లో జపాను దాడికి గురైన చైనాకు భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. వారిలో ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. తిరిగి వచ్చిన బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. కేంద్ర ప్రభుత్వం 2019 ఫిబ్రవరిలో దీన్ని స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది. మహారాష్ట్ర దీనికోసం విడిగా చట్టమే చేసుకుంది. సూది పట్టిన ప్రతివారూ తర్ఫీదు పొందినవారని మాత్రం అనుకోకూడదు. ఏ చదువు చదివారు, ఎక్కడ నమోదయ్యారు, క్యాన్సర్ రోగులకు ముందెప్పుడైనా చేశారా అని అడిగే హక్కు రోగికి ఉంది.

సూది పెట్టే పద్ధతి కష్టమైంది కాదు. ఇంజెక్షన్ సూదిలా ఇది బోలుగా ఉండదు. వెంట్రుక కంటే కొంచెం లావుగా, నిండుగా ఉంటుంది. అందులోంచి మందేదీ పోదు. మణికట్టు మీద తుడిచి, ఒక్కసారి వాడి పారేసే కొత్త సూదిని లోపలికి దించుతారు. చీమ కుట్టినంత చురుక్కుమని, తర్వాత బరువుగానో, లాగినట్టో, తిమ్మిరిగానో ఉంటుంది. ఆ చోటు కింద మధ్యనాడి పోతుంది. అక్కడి కదలిక మెదడు అడుగుభాగానికి చేరి, వేగస్ నాడి తీరును, కడుపు కదలికను మారుస్తుందని పరిశోధకుల ఊహ. సూదిని 20 నిమిషాలో అరగంటో ఉంచుతారు. మోకాలి కింద మరో బిందువు దగ్గర కూడా పెట్టడం ఉంది. కీమో మొదలవకముందే పెట్టడం మేలని చాలామంది వైద్యుల అలవాటు.

ఇంట్లో చేసుకోగలిగింది నొక్కడం. దీనికి ఖర్చు లేదు, సూది లేదు, వేరే మనిషి కూడా అక్కరలేదు. కొలత ఎప్పుడూ రోగి సొంత వేళ్ళతోనే చూడాలి. ఆయుర్వేదంలోనూ శరీర కొలతలు ఎవరి అంగుళాలతో వారివే చూస్తారు. చైనా లెక్క కూడా అదే. ఎడమచెయ్యి అరచేతిని పైకి పెట్టి, కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు మూడింటినీ మణికట్టు గీత మీద ఆనించి అడ్డంగా పెట్టాలి. మోచేతి వైపు వేలు ఆగిన చోట, కొంచెం పిడికిలి బిగిస్తే పైకి తేలే రెండు స్నాయువుల మధ్యన బొటనవేలు పెట్టాలి. పల్లెలో జనం నరాలు అనేవి ఈ స్నాయువులే. కొందరికి పుట్టుకతోనే వాటిలో ఒకటి ఉండదు. వాళ్ళు ముంజేతి నడిమధ్యన పెట్టుకుంటే సరిపోతుంది. గట్టిగా, నొప్పి పుట్టకుండా, బొటనవేలిని గుండ్రంగా తిప్పుతూ రెండు మూడు నిమిషాలు నొక్కి, రెండో చేతికి కూడా చేయాలి. ఆడవాళ్ళ గాజులు మణికట్టు దగ్గరే ఆగుతాయి కాబట్టి వాటిని పైకి నెట్టకుండా కిందికి జార్చి చూస్తే చోటు తప్పదు.

ఎప్పుడు నొక్కాలి అన్నది ఎలా నొక్కాలి అన్నంత ముఖ్యం. సెలైన్ ఎక్కించే అరగంట ముందు ఒకసారి, బస్సెక్కాక ఒకసారి, ఆ రాత్రి రెండు గంటలకోసారి చేయవచ్చు. వాంతి మొదలయ్యాక నొక్కితే వచ్చే ఫలితం తక్కువ. మాత్రల విషయంలోనూ ఇదే సూత్రం. వాంతి అయితేనే వేసుకుందామని చీటీలోని మాత్రలను మిగుల్చుకోవడం పల్లెల్లో తరచు జరిగే పొరపాటు. ఆ మాత్రలు వాంతి రాకముందు పనిచేయడానికి రాసినవి. శొంఠి, అల్లం కూడా ఈ బాధకు కొంత పనికొస్తాయని పరీక్షల్లో తేలింది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్ళూ, రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడేవాళ్ళూ అవి ఎక్కువగా తీసుకునే ముందు డాక్టరును అడగాలి.

సూది విషయంలో జాగ్రత్తలు ఇంకా గట్టివి. కీమో తర్వాత వారం పదిరోజులకు తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో చర్మం మీద చిన్న గాటు కూడా ఇన్‌ఫెక్షన్‌కు దారి తీయవచ్చు. ప్లేట్‌లెట్లు పడిపోతే గుచ్చినచోట రక్తం గూడుకడుతుంది. అందుకని తాజా రక్తపరీక్ష చూపించి, క్యాన్సర్ డాక్టరు సరే అన్నాకే సూది పెట్టించుకోవాలి. రొమ్ము ఆపరేషన్‌లో చంక కింది లింఫు గ్రంథులు తీసినవాళ్ళకు ఆ వైపు చేతికి సూది పెట్టకపోవడం మంచిది. ఆ చెయ్యి వాపెక్కే ప్రమాదం ముందే ఉంటుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి విద్యుత్తు తగిలించకూడదు. మందు ఎక్కించే రక్తనాళం పక్కన నొక్కడం కూడా తగదు.

సీమ పల్లెల్లో కామెర్లకూ పసిపిల్లల జబ్బులకూ కాల్చిన సూదితో, తీగతో వాతలు పెట్టడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. సూది వైద్యం అనగానే కొందరు ముసలివాళ్ళకు అదే గుర్తొస్తుంది. వాత చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది. కీమో తీసుకునే ఒంటికి ఆ పుండు ప్రాణాంతకం కావచ్చు. ఆక్యుపంక్చర్‌కూ దానికీ ఎలాంటి సంబంధం లేదు. సూదులతో గడ్డ కరుగుతుంది, కీమో ఆపేయమని చెప్పే మనిషి ఎదురైతే అక్కడినుంచి లేచి రావాలి. ఆక్యుపంక్చర్ క్యాన్సర్‌ను నయం చేయదు. చికిత్సను తట్టుకోవడానికి సాయం చేస్తుంది. ఆ సాయం వల్ల ఒక మనిషి ఆరు సైకిళ్ళూ పూర్తి చేసుకోగలిగితే అది చిన్న సాయం కాదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే నొక్కుతూ కూర్చోకూడదు. 24 గంటలుగా నీళ్ళు కూడా లోపల నిలవకపోవడం, నాలుక ఎండిపోయి మూత్రం తగ్గిపోవడం, లేస్తే కళ్ళు తిరగడం, వాంతిలో రక్తం గానీ కాఫీ పొడిలాంటి నలుపు గానీ కనిపించడం, కడుపు ఉబ్బి విరేచనం కాకపోవడం, తలనొప్పితో పాటు మాట తడబడడం వీటిలో ముఖ్యమైనవి. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే వాంతి ఉన్నా లేకపోయినా అదే తొందర. అప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా 108 అంబులెన్స్‌కు ఫోన్ చేసి, కీమో చీటీ, రక్తపరీక్ష కాగితం చేతబట్టుకుని, దగ్గరలో సెలైన్ పెట్టగల ఆసుపత్రికి ఆ రాత్రే చేరాలి.